నొప్పి లేని కాలు

మక్తల్‌లో తలనొప్పి అంటే ఎవరూ లెక్కచేసేవారు కాదు. గోలీ వేసుకుని పడుకోమనేవారు. జ్వరమంటే కాస్త జాలిపడి చాయ్ తాగమనేవారు. కాలునొప్పి అన్నామా, అర్జెంటు పనిమీద పోతున్న మనిషి కూడా సైకిలుకు స్టాండు వేసి, మా అరుగు మీద కూలబడి, "ఏ కాలు?" అని అడిగేవాడు. ఏ కాలో మనం చెప్పేలోపే మందు చెప్పేవాడు. కాళ్లకు వైద్యం చెప్పలేని మనిషి మా ఊళ్లో నాకు ఒక్కడూ తారసపడలేదు. వైద్యం తెలిసిన మనిషి కూడా తారసపడలేదు, అది వేరే సంగతి.

ఇందుకు కారణం లేకపోలేదు. వానాకాలంలో నల్లరేగడి బురదలో పొద్దంతా నిలబడ్డవాళ్లకు వేళ్ల సందులు తెల్లగా నానిపోయి, దురదపెట్టి, ఒరుసుకుపోయేవి. ఎండలు ముదిరితే మడమలు నెర్రెలిచ్చేవి. తుమ్మముల్లు దిగని అరికాలు, గోరు లోపలికి పెరిగి చీము పట్టని బొటనవేలు వెతికినా దొరికేవి కావు. ప్రతివాడూ ఒక మందు కనిపెట్టేవాడు. అది పనిచేస్తుందో లేదో ఎదుటివాడి కాలి మీద చూసుకునేవాడు.

అట్లాంటి ఊళ్లో మా నాయిన ఎడమ అరికాల్లో ఆనె లేచింది. ఆయన మామూలు మనిషయితే ఇంత రాద్ధాంతం జరిగేది కాదు. ఆయన సర్కారు హైస్కూల్లో డ్రిల్లు సారు. ఊరి పిల్లలకు నడక నేర్పడమే ఆయన ఉద్యోగం. పొద్దున ప్రార్థన కాగానే "సావధాన్" అని ఒక్క కేక వేస్తే, పిల్లలే కాదు, గేటు బయట బఠానీలు అమ్మే ముసలాయన కూడా నిటారుగా నిలబడేవాడు. వరుసలో అడుగు తప్పినవాణ్ణి నాయిన తిట్టే తిట్టు ఒక్కటే, "మొద్దు". పిక్క మీద బెత్తంతో ఒకటి తగిలించేవాడు. వాడు ఏడవకపోతే, "మొద్దులకు దెబ్బ గూడ తెల్వదు" అనేవాడు. నేనూ ఆ బళ్లోనే చదివాను గనుక ఆ మాట బళ్లో ఒకసారి, ఇంట్లో ఒకసారి వినేదాన్ని.

నాయినకు బూట్లంటే ప్రాణం. డ్రిల్లుకు తెల్ల కాన్వాసువి సరిపోతాయి కానీ ఆయనవి నల్ల తోలు బూట్లు. అడుగున ఇనప నాడాలు కొట్టించుకున్నాడు. సిమెంటు వరండాలో ఆయన నడిచొస్తుంటే ఆ చప్పుడుకే సగం బడి సర్దుకునేది. కూరగాయలకు బూట్లు, పెళ్లికి బూట్లు, చావుకు బూట్లు. దొడ్లోకి తప్ప ఆయన మరెక్కడికీ బూట్లు లేకుండా కదిలేవాడు కాదు.

దాని వెనక మా తాత ఉన్నాడు. ఆయన తన ఊరందరికీ చెప్పులు కుట్టినవాడు. తను కుట్టుకున్న చెప్పులు తొడుక్కుని మాత్రం దొర గడి ముందు నుంచి పోకూడదు. చేత పట్టుకుని పోయి, గడి దాటినాక నేల మీద వేసుకుని తొడుక్కునేవాడట. ఈ సంగతి మా అవ్వ, అంటే నాయినను కన్న తల్లి, నవ్వుకుంటూ చెప్పేది. అవ్వ నవ్వుతున్నంతసేపూ నాయిన బూట్లకు పాలిష్ పెడుతూ ఉండేవాడు, తల ఎత్తేవాడు కాదు. నౌకరీ వచ్చిన మొదటి నెలలోనే ఆయన బూట్లు కొన్నాడు. కాలికి వేసుకున్నది కాలి మీదే ఉండాలి, చేతిలోకి రాకూడదు అన్నది ఆయన పట్టు. నాకు ఆ పట్టు అప్పుడూ అర్థమైంది, ఇప్పుడూ అర్థమవుతుంది. కాలికే అర్థం కాలేదు.

ఎందుకంటే ఆ బూట్లు చేసినవాడు మా ఇంటి పాదాలు చూసి చేయలేదు. తరతరాలుగా ఉత్తకాళ్లతోనో, వెడల్పాటి చెప్పులతోనో తిరిగిన వంశం మాది. మా పాదాలు ముందువైపు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. బజారులో దొరికే బూట్లకు సన్నని మూతి. బూట్ల దుకాణం సాయిబు పెద్ద సైజు తీయబోతే నాయిన ఒప్పుకోలేదు. పెద్ద పాదం కూలివాడిదని, సారు పాదం సన్నగా ఉండాలని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

"జర బిర్రుగుంటది సార్. తొడగంగ తొడగంగ లూజయితది," అన్నాడు సాయిబు.

ఏళ్ల తరబడి తొడిగినా బూటు బూటులాగే ఉంది. కాలే సర్దుకుంది. చిటికెన వేలు పక్క వేలి కిందికి దూరింది. దాని మొదట్లో, అరికాలి వైపు, గట్టిగా ఒక ఆనె లేచింది. అడుగు వేస్తే గులకరాయి తొక్కినట్టు ఉందని నాయిన అన్నాడు. అంతే, ఊరు మా అరుగెక్కింది.

మొదటి మందు అవ్వది. పొద్దున్నే గట్టుకు పోయి జిల్లేడాకు తుంచి, పాలు కారిపోకుండా పైకెత్తి పట్టుకుని వచ్చేది. ఆ పాలబొట్టు పడితే ఆనెతో పాటు చుట్టూ ఉన్న మంచి తోలు కూడా ఊడి వచ్చేది. "మందు గుంజుతాంది బిడ్డా," అనేది అవ్వ సంతోషంగా. రెండోది మా హెడ్మాస్టరు, అందరూ పెద్దసారు అనే ఆయన మందు. ఆనె మీద అంటించే పట్టీ. అది మక్తల్ మందుల దుకాణంలోనూ ఉండేది కానీ, హైదరాబాదులో కొన్న పట్టీకి పట్టు ఎక్కువని ఆయన నమ్మకం. మూడోది వీధి చివరి ఆరెంపీ డాక్టరుది. జబ్బు ఎక్కడున్నా ఆయన సూది వేసేది ఒక్కచోటే. కాలి ఆనెకు నడుము కింద సూది ఎందుకని అమ్మ అడిగితే, "మందు దిగుతదమ్మా, కిందికే గద దిగేది," అన్నాడు. నాలుగోది నాయిన సొంత వైద్యం. గడ్డం గీసుకున్న బ్లేడుతోనే ఆనెను చెక్కుకునేవాడు.

అమ్మ కూడా ఒకటి చెప్పింది. "గా బూట్లు ఇడిసెయ్," అంది. అది మందే కాదని అందరూ కలిసి తేల్చేశారు. నలుగురు వైద్యులూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

నాయిన ఎడమకాలు సగం ఎత్తి మెల్లగా ఆనించి నడవడం మొదలుపెట్టాడు. ఆగస్టు పదిహేను కవాతుకు ముందు నడిచి చూపించేది ఆయనే, వెనక నడిచి నేర్చుకునేది మేము. పండుగనాడు జెండా ముందు నుంచి బడి బడంతా ఎడమకాలు ఒకే తీరుగా కుంటుకుంటూ పోయింది. మండలాలు కొత్తగా ఏర్పడ్డ రోజులవి. కొత్తగా వచ్చిన ఎమ్మార్వో ముఖ్య అతిథి. ఆయన కుర్చీలో ముందుకు వంగి మరీ చూసి, తర్వాత మైకు పట్టుకుని, అడుగు మీద ఇంత అదుపు ఉన్న పిల్లలను తాను ఎక్కడా చూడలేదన్నాడు. పెద్దసారు చప్పట్లు కొట్టాడు. ఆ వరుసలో ముందున్న ఆడపిల్లను నేనే. కుంటడంలో నాకు మంచి పేరు వచ్చింది.

దసరా దాటాక నాయినకు దప్పిక పట్టుకుంది. డ్రిల్లు మధ్యలో ఆపి మరీ నల్లా దగ్గరికి పోయేవాడు. ఒళ్లు తగ్గింది, ప్యాంటు నడుం దగ్గర జారింది. దొడ్లో ఆయన ఒంటికి పోయిన జాగాలో చీమలు బారులు తీరేవి. "ఉడుకు చేసింది," అని అవ్వ తేల్చింది. మా దిక్కు ఏ జబ్బయినా ఉడుకు చేసి రావాలి, లేదా చలువ చేసి రావాలి. మూడో కారణం పెట్టుకోవడం మా ఇళ్లల్లో అలవాటు లేదు. ఉడుకుకు విరుగుడు చక్కెర షర్బతు గనుక, అవ్వ నిమ్మకాయ పిండి, చక్కెర గుప్పిళ్లతో పోసి, లోటాలు లోటాలు తాగించింది. ఎంత తాగినా దప్పిక తీరలేదు. అందుకని ఇంకా తాగించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాయిన కాలునొప్పి పోయింది.

ముందు తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. ఒక పొద్దున ఆయన వరండాలో నాడాలు టకటకమనిపిస్తూ నడిచి, "నొప్పి సుత లేదు," అన్నాడు. అవ్వ ఎల్లమ్మకు మొక్కిన కోడిని కోసింది. జిల్లేడు పాలకు తిరుగులేదని వాడంతా చెప్పి వచ్చింది. పెద్దసారు మా ఇంట్లో ఆ కోడికూరే తింటూ, తగ్గించింది తన హైదరాబాదు పట్టీ అన్నాడు. ఆరెంపీ డాక్టరు ముక్క కొరకడం ఆపి, పైపైన అంటించిన పట్టీకి ఆనె వేరు ఎట్లా దొరుకుతుందని అడిగాడు. ఇద్దరూ చేతులు కడుక్కునే దాకా మాటామాటా అనుకున్నారు. కడుక్కున్నాక మాట్లాడుకోవడం మానేశారు.

అమ్మ ఒక్కతే సంబరపడలేదు. ఆమె చూసింది వేరు. ఒకనాడు నాయిన దొడ్లోకి హవాయి చెప్పులు వేసుకుని పోయి, ఒక్క చెప్పుతో తిరిగి వచ్చాడు. రెండోది తోవలో ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియనే లేదు. కుర్చీలో కూర్చున్నాక గానీ ఒక కాలు ఉత్తగా ఉందని చూసుకోలేదు. మేమంతా నవ్వాం. నాయిన కూడా నవ్వి, "ధ్యాస యాడనో ఉన్నది," అన్నాడు. అమ్మ పోయి ఆ చెప్పును కంచె దగ్గర వెతికి తెచ్చింది.

"చెప్పు ఊడితె కాలికి తెల్వదా?" అని అడిగింది. జవాబు లేని ప్రశ్న వేసినందుకు అవ్వ ఆమెను కసిరింది.

సంక్రాంతి సెలవులకు ముందు, అమ్మ మేజోళ్లు ఉతకబోతే ఎడమకాలిది అట్టకట్టి ఉంది. వాసన వేసింది. బూటు తలకిందులు చేసి తట్టింది, ఏమీ రాలలేదు. లోపల చెయ్యి పెట్టి, వెంటనే తీసుకుంది. నాడా బిగించిన చీల ఒకటి అరిగిన అట్టలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని మొన అమ్మ వేలికి గుచ్చుకుని రక్తం చిమ్మింది. ఆ బూటు వేసుకుని నాయిన ఎన్నాళ్ల నుంచి కవాతు చేస్తున్నాడో చెప్పగలిగినవాళ్లు లేరు. చెప్పాల్సిన కాలు చెప్పలేదు.

అమ్మ ఆయన కాలు పట్టుకుని దీపం దగ్గరికి గుంజింది. ఆనె ఉన్నచోట గుంత ఉంది. జిల్లేడు తిన్న తోలు, బ్లేడు కోసిన తోలు, చీల గుచ్చిన తోలు, అన్నీ కలిసి తెల్లగా నాని ఉన్నాయి.

"గిది నీకు నొప్పి లేస్తలేదా?"

"లేదు. మంచిగైంది గద," అన్నాడు నాయిన.

ఎప్పుడూ ఎవరి మాటకూ అడ్డం రాని అమ్మ మర్నాడు పొద్దున్నే ఆయన్ను పాలమూరు బస్సెక్కించింది. తోడుకు నన్నూ తీసుకుపోయింది.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన మనిషి. నాయినను కళ్లు మూసుకోమని, దూదితో పాదం మీద అక్కడక్కడా తాకుతూ, "ఇప్పుడు ఎక్కడ తాకానండీ?" అని అడిగింది. నాయిన బళ్లో ప్రశ్నకు జవాబు రాని పిల్లవాడిలా చెప్పడం మొదలుపెట్టాడు. "వేలు" అన్నాడు, ఆమె మడమ తాకింది. "మడిమ" అన్నాడు, ఆమె అసలు తాకనే లేదు. తర్వాత ఓరకంట చూసి చెప్పబోయాడు. కాపీ కొట్టిన పిల్లలను ఎండలో నిలబెట్టే మనిషి దవాఖానలో కాపీ కొట్టడం నేను కళ్లారా చూశాను. డాక్టరమ్మ చేత్తో ఆయన కళ్లు కప్పింది.

"స్పర్శ లేదండీ," అంది.

ఆ మాటకు నాయిన ముఖం ఎందుకు అట్లా పాలిపోయిందో అప్పుడు నాకు తెలియలేదు. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, షుగర్ వచ్చిందని చెప్పింది. షుగర్ ముదిరితే పాదాల నరాలు చెడతాయంది. పుండు ఎముక దాకా పోతే వేలు తీయాలని, అక్కడా ఆగకపోతే పాదమే తీయాల్సి వస్తుందని మెత్తగానే చెప్పింది. జిల్లేడు, బ్లేడు, వేడి ఇటుక కాపడం దగ్గరికి రానివ్వొద్దంది. రోజూ కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. మడమలకు నూనె రాయొచ్చు, సందుల్లో రాయకూడదు. గోళ్లు మూలలు తవ్వకుండా నేరుగా కత్తిరించాలి. చెప్పయినా బూటయినా లోపల చెయ్యి పెట్టి చూసి తొడగాలి. రోజూ సాయంత్రం అరికాళ్లు ఇంకొకరికి చూపించాలి. బూట్లు మాత్రం బంద్. చివరికి తెరిచి ఉన్న ఒక డబ్బాలోంచి వెడల్పాటి నల్ల చెప్పులు తీసి ఇచ్చింది. మెత్తటి రబ్బరు అడుగు, మడమ వెనక పట్టీ.

నాయిన వాటిని కాగితంలో చుట్టించుకుని, బస్సులో కాళ్ల దగ్గర కాకుండా సీటు కింద లోపలికి తోశాడు.

ఇంటికి వచ్చాక ఆయన మారిపోయాడు. చెప్పులు అటక మీదికి పోయాయి. ఆయన కంచం, గిలాస వేరయ్యాయి. తన మంచం తనే వరండాలోకి లాక్కున్నాడు. మా చిన్న తమ్ముడు ఒళ్లోకి ఎక్కబోతే "దూరం" అనేవాడు, డ్రిల్లులో అన్నట్టే. సార్లకు షుగరొస్తే గర్వం కూడా వస్తుందేమోనని అవ్వ అనుకుంది. అమ్మ రోజూ కట్టు మార్చబోతే వద్దని, తలుపేసుకుని తనే కట్టుకునేవాడు. పాదం ఎవరికీ చూపించలేదు. జనవరి ఇరవయ్యారుకు కట్టు మీదనే బూటు బిగించి, మైదానమంతా నాడాలు మోగిస్తూ తిరిగాడు. ఏమీ నొప్పి లేదు. అందరూ మెచ్చుకున్నారు.

వారం తిరగకముందే జ్వరం వచ్చి, కాలు పిక్క దాకా ఎర్రగా ఉబ్బింది. ఆరెంపీ డాక్టరు సూది తీసుకుని గుమ్మంలోకి వస్తే అమ్మ ఆయనకు అడ్డంగా నిలబడింది. మళ్లీ పాలమూరు పోయాం.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. చిటికెన వేలు దక్కదని, పాదం దక్కితే అదృష్టమని చెప్పి, "మేమిచ్చిన చెప్పులు ఎందుకు వేసుకోలేదండీ, చదువుకున్నవారు?" అని అడిగింది.

"నాకు ఎర్కేనమ్మా," అన్నాడు నాయిన మెల్లగా. "ముఖం మీద చెప్పలేక మీరు షుగరన్నరు. స్పర్శ లేదన్ననాడే నాకు సమజైంది, గిది పెద్దరోగమని. కాలు పోతె పోనియ్. పిల్లలకు అంటకుంటె చాలు."

మా బస్టాండు గోడ మీద కుష్టు గురించి ఒక ప్రకటన ఉండేది. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనబడితే దవాఖానలో చూపించుకోమని పెద్ద నీలం అక్షరాల్లో రాశారు. "స్పర్శ" అన్న మాట మా ఊళ్లో ఎవరి నోటా వినబడేది కాదు, ఆ గోడ మీద తప్ప. మేం "తాకినట్టు తెల్వదు" అంటాం. నాయిన ఆ మాటను రోజూ బడికి పోతూ వస్తూ చదివాడు. డాక్టరమ్మ నోట అదే మాట విన్నాడు. పైగా ఆమె ఇచ్చిన చెప్పులు కూడా అవే. కుష్టు దవాఖానలో పంచే అట్లాంటి నల్ల చెప్పులను మా ఊరంతా పెద్దరోగం చెప్పులనేది. ఆయనకు ఇంకేం రుజువు కావాలి. ఇన్నాళ్లూ కంచం వేరు పెట్టుకుంది, మంచం వేరు వేసుకుంది, తమ్ముణ్ణి దగ్గరికి రానివ్వనిది గర్వంతో కాదు. మాకు అంటుకుంటుందన్న భయంతో. నాకు అప్పుడే అక్కడే ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో కాదు, కోపంతో.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "అది కాదు మాస్టారూ. ఒకవేళ అదే అయినా దానికీ మందులున్నాయి, కంచం వేరు పెట్టుకోనక్కర్లేదు. మీది షుగరే. కాలు మొద్దుబారిపోయింది, అంతే."

"మొద్దా?" అన్నాడు నాయిన.

"మొద్దే. మొద్దుబారిన కాలికి దెబ్బ తెలియదు గదండీ."

తన మాటే తన కాలికి వచ్చి తగిలింది. ఆ ఒక్క మాటతో ఆయనకు రోగమంతా అర్థమైంది. అంతకుముందు చెప్పిన శాస్త్రమంతా వృథా పోయింది. అమ్మ అంది, "గోడ మీద రాతకు నీ ఏలు పాయె."

వేలు పోయింది. పాదం దక్కింది. ఇంటికి రాగానే ఆరెంపీ డాక్టరు పరామర్శకు వచ్చి, "ఏలు పోతె పోయింది గని ఆనె మల్ల లేసిందా?" అని అడిగాడు. పెద్దసారు హైదరాబాదు నుంచి ఇంకో పట్టీ తెప్పించాడు, ఎక్కడ అంటించాలో మాత్రం చెప్పలేదు.

ఇక చెప్పుల సంగతి. పెద్దరోగం కాదని నాయినకు తెలిసింది కానీ ఊరికి ఎవరు చెప్పాలి? అవి వేసుకుని బడికి పోతే ఏమంటారో ఆయనకు తెలుసు. కొత్త బూట్లు, ఈసారి ఒక సైజు పెద్దవి, కొంటానని మొదలుపెట్టాడు. "నా తండ్రి చేతుల పట్టుకొని తిరిగిండు. నేను గివ్వి తొడుక్కొని తలొంచుకొని తిరగాల్నా?" అన్నాడు. అవ్వ కూడా కొడుకు పక్షమే. అమ్మ ఎవరితోనూ వాదించలేదు. అటక మీది చెప్పులు దించి, దుమ్ము దులిపి, తను తొడుక్కుంది.

ఆమె పాదాలకు అవి కాస్త పెద్దవే. పట్టీలు బిగించుకుని, సంచీ పట్టుకుని, సంత నాడు నడి బజారులోంచి నడిచిపోయింది. నేను పక్కన నడిచాను. ఉల్లిగడ్డలమ్మే ఆమె తక్కెడ దించి అటే చూసింది. డ్రిల్లు సారు పెండ్లానికి కూడా సోకిందనే మాట మా కంటే ముందే కూరగాయల వరుస చివరకు చేరుకుంది. అమ్మ ఉల్లిగడ్డల దగ్గరే ఆగింది.

"మెత్తగున్నయి," అంది. "నీ మడిమెలు గూడ పగిలినయి గద. జర ఏసుకొని చూడు."

ఆమె వెనక్కి జరిగింది. అమ్మ ఒక చెప్పు విప్పి ముందుకు తోసి, ఉత్తకాలితో నిలబడింది. చుట్టూ నలుగురు పోగయ్యారు. చివరికి ఆ ఉల్లిగడ్డలామె, పదిమందిలో భయపడిందంటారని కాబోలు, కాలు పెట్టింది. పెట్టి, కాసేపు తీయలేదు. "నిజమే, పత్తి మీద పెట్టినట్టున్నది," అంది. ఎక్కడ దొరుకుతాయని అడిగింది. ఆ సంత మూడు వారాలు తిరిగేసరికి పెద్దరోగం చెప్పులు సారోళ్ల చెప్పులయ్యాయి.

నాయినకు ఈ వార్త పెద్దసారు ద్వారా అందింది. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి, అమ్మ విప్పిపెట్టిన చెప్పులకేసి చూస్తూ, "గవి నా కాలుకు ఇచ్చినయి," అన్నాడు.

"అయితె తొడుగు," అంది అమ్మ.

తొడిగాడు. బడికి ఆ చెప్పులతోనే పోయాడు. చప్పుడు లేకుండా వస్తున్నాడని పిల్లలకు భయం ఎక్కువైంది. ఆ తర్వాత ఆయన నోట "మొద్దు" అన్న మాట నేను వినలేదు.

సాయంత్రం పూట పాదం చూపించాలన్న డాక్టరమ్మ మాట అమ్మ వదల్లేదు. నాయిన మొదట్లో అరికాలు పెండ్లానికి చూపించడానికి సిగ్గుపడి ముఖం అటు తిప్పుకునేవాడు. అమ్మ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలు లేని జాగా దగ్గర మెల్లగా నొక్కి, సందులు తుడిచి, మడమకు ఆముదం రాసేది. అట్లా చూడగా చూడగా ఒకనాడు నాయిన, "నీ కాలు చూపియ్," అన్నాడు.

"నాకేమైంది?"

"సావధాన్," అన్నాడు నాయిన.

అమ్మ నవ్వి కాలు ముందుకు పెట్టింది. నేను దీపం దగ్గరికి జరిపాను. ఆ పాదం నేను అంతకుముందు సరిగ్గా చూడలేదు, ఎవరూ చూడలేదు. మడమ చుట్టూ వేలి మందాన నెర్రెలు. ఒక నెర్రె లోపల నల్లగా ఏదో ఉంది. నాయిన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. తుమ్మముల్లు. విరిగి లోపలే ఉండిపోయి, చుట్టూ తోలు గట్టిపడింది.

"గిది ఎప్పటిది?"

"ఏమో. ఆగస్టు పండుగ ముందట్నుంచి ఉన్నట్టున్నది."

"నొప్పి లేదా?"

"ఎందుకు లేదు? అడుగేస్తె పాణం పోతాంది."

"మరి చెప్పరాదా?"

"నీ కాలు ముచ్చట ఒడిస్తె గద, నా కాలు ముచ్చట చెప్పేది," అంది అమ్మ, కోపం లేకుండానే.

మా అరుగు మీద అన్ని నెలలు కూర్చున్న వైద్యుల్లో ఒక్కరైనా ఆమె కాలివైపు చూడలేదు. వాళ్లకు చాయ్ తెచ్చి ఇచ్చింది ఆ కాళ్లతోనే. ఆ కాళ్లతోనే పాలమూరు దవాఖాన మెట్లు ఎక్కింది, సంతకు పోయింది.

నాయిన పిన్నీసు అడిగాడు. వేడినీళ్లలో ఉడకబెట్టి తెమ్మన్నాడు, ఆ మాత్రం ఆయనకు వచ్చేసింది. అమ్మ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, నెర్రె పక్కన మొన ఆనించి, మెల్లగా కదిలించాడు. అమ్మ ఒక్కసారి "అబ్బా" అని కాలు వెనక్కి గుంజుకుంది. నాయిన ఆ కాలు గట్టిగా పట్టుకుని, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"నొప్పి లేసిందా?"

"లేసింది."

"మంచిగున్నది," అన్నాడు నాయిన. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మంచిగున్నది నీ కాలు."